నకలు ఇవ్వని కాగితం



ఈ వారం హాస్టల్ మెస్ చార్జీల గురించి రాస్తానని చెప్పాను. అది వచ్చే వారం. మధ్యలో మా అక్క ఫోన్ చేసింది.

"చెల్లే, మన సీడు ఫేలయిందంట."

నడిగడ్డ వాళ్లకు ఈ ఒక్క మాట చాలు. మిగతావాళ్ల కోసం వివరంగా చెప్తాను. కృష్ణా, తుంగభద్రల మధ్య ఉన్న మా గద్వాల ప్రాంతంలో చాలామంది మామూలు పత్తి వెయ్యరు, సీడు పత్తి వేస్తారు. అంటే బట్టకు పోయే పత్తి కాదు, దేశమంతా రైతులు కొనే విత్తనాల ప్యాకెట్లలోకి పోయే గింజ. ఆడ, మగ విత్తనాలు ఆర్గనైజర్ ఇస్తాడు. పెట్టుబడికి అప్పూ ఆయనే ఇస్తాడు, నూటికి రెండు రూపాయల వడ్డీకి. పంట ఆయనకే పెట్టాలి, బయట అమ్మడానికి లేదు. గింజలు కంపెనీకి పోయాక అక్కడ వాటిలో కొన్ని నాటి, మొక్కలు చూసి, శుద్ధి ఎంతుందో తేలుస్తారు. దాన్నే జీవోటీ అంటారు. అందులో పాసైతే డబ్బులొస్తాయి. ఫేలయితే డబ్బులు రావు, అప్పు మాత్రం ఉంటుంది.

మా అక్కది రెండెకరాలు. ఒకటి మా నాయనకు వచ్చిన అసైన్డ్ భూమి, ఇంకొకటి గుత్తకు పట్టింది. ఏడాది కష్టం ఒక్క ఫోన్‌లో పోయింది.

నేను అడిగాను: "అక్కా, పరీక్ష ఎక్కడ చేసిండ్రు? ఎన్ని మొక్కలు తేడా వచ్చినయి? ఏమన్నా కాగితం ఇచ్చిండ్రా?"

"ఏం కాగితమే? సంతకం పెట్టుమన్నరు, పెట్టిన. నాకేడ ఇచ్చిండ్రు కాగితం?"

సెలవు పెట్టి ఊరికి పోయాను. ఇద్దరం కలిసి ఆర్గనైజర్ ఆఫీసుకు వెళ్లాం. ఆయన నన్ను "రండి మేడం" అని కుర్చీ వేయించాడు. అక్క నిలబడే ఉంది. అక్క కూర్చున్నాకే నేను కూర్చున్నాను. అగ్రిమెంట్ నకలు అడిగితే, "అది కంపెనీ దగ్గర ఉంటది మేడం" అన్నాడు. కంపెనీకి ఫోన్ చేస్తే, "మా ఒప్పందం ఆర్గనైజర్‌తోనే, రైతుతో కాదు" అన్నారు. సంతకం పెట్టిన మనిషి దగ్గర తప్ప అందరి దగ్గరా ఆ కాగితం ఉండాలి. చూపమంటే మాత్రం ఎవరి దగ్గరా లేదు.

ఈ భాగం ఆ కాగితం గురించి.

*

నేను లా చదవలేదు. తెలుగు సాహిత్యంలో పీహెచ్‌డీ చేసి కాలేజీలో పాఠాలు చెప్పుకుంటున్నాను. కాబట్టి ఒక మాటతో మొదలుపెడతాను.

మోనోపలీకి మనం వాడే తెలుగు మాట గుత్తాధిపత్యం. మా ఊళ్లో భూమిని ఏడాదికి ఇంత అని మాట్లాడుకొని కౌలుకు పట్టడాన్ని కూడా గుత్త అనే అంటారు. ఒకే మాట రెండు చోట్ల ఉంది. అంబానీ, అదానీల పక్కన వాడినప్పుడు అది ఆధిపత్యం. మా అక్క పక్కన వాడినప్పుడు అది భూమి లేనితనం. గుత్త మాట రెండువైపులా ఉన్నా, ఆధిపత్యం ఒకవైపే ఉంది.

దేశంలో దీనికి ఒక చట్టం ఉంది. దాని పేరు కాంపిటీషన్ యాక్ట్, 2002. అందులో సెక్షన్ 4 ఆధిపత్య దుర్వినియోగం గురించి. అది 2009 మే నుంచి అమల్లో ఉంది. దాన్ని అమలుచేసే సంస్థ కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా. పొట్టి పేరు సీసీఐ. మా దగ్గర సీసీఐ అంటే పత్తి కొనే కాటన్ కార్పొరేషన్. ఇంకో సీసీఐ ఉందని, అది తమకూ పనికి రావచ్చని, పత్తి రైతుల్లో తెలిసినవాళ్లు ఎంతమంది ఉంటారు?

ఈ చట్టంలో మొదట తెలుసుకోవాల్సింది ఒకటుంది. పెద్దగా ఉండటం నేరం కాదు. మార్కెట్‌లో పోటీని లెక్కచెయ్యకుండా తన ఇష్టప్రకారం నడవగల బలం ఉంటే దాన్ని ఆధిపత్యం అంటారు. ఆ బలాన్ని వాడి అన్యాయమైన ధర పెట్టినా, అన్యాయమైన షరతులు రుద్దినా, ఒకటి కావాలంటే ఇంకోటి కొనాలని మెలిక పెట్టినా, ఇతరులను మార్కెట్‌లోకి రానివ్వకపోయినా అది దుర్వినియోగం. యూరియా బస్తా కావాలంటే అక్కరలేని డబ్బా కూడా కొనాల్సిందే అని షాపులో చెప్తే మన రైతులు దాన్ని 'లింకు' అంటారు. చట్టంలో అరపేజీ ఉన్న విషయాన్ని మనవాళ్లు రెండక్షరాల్లో చెప్పేశారు.

ఇంకో ముఖ్యమైన సంగతి. అన్యాయమైన ధర అంటే అమ్మే ధర ఒక్కటే కాదు. కొనే ధర కూడా. సెక్షన్ 4లో ఆ రెండూ ఉన్నాయి. అంటే ఈ చట్టం ప్యాకెట్ కొనే రైతుకే కాదు, ప్యాకెట్‌లోకి గింజ పండించే మా అక్కకు కూడా సంబంధించినదే.

*

ఈ కథలో మన రాష్ట్రానికి ఒక గొప్ప అధ్యాయం ఉంది. ఎందుకో మనమే మర్చిపోయాం.

బీటీ పత్తికి దేశంలో 2002 మార్చిలో అనుమతి వచ్చింది. ఆ సాంకేతికత మోన్‌శాంటోది. ఇక్కడ దాన్ని లైసెన్సు మీద విత్తన కంపెనీలకు ఇచ్చింది మహికో మోన్‌శాంటో బయోటెక్ అనే ఉమ్మడి సంస్థ. 450 గ్రాముల ప్యాకెట్ ధర 1,600 నుంచి 1,850 రూపాయల దాకా ఉండేది. అందులో పెద్ద భాగం విత్తనానిది కాదు. 'ట్రెయిట్ ఫీజు' అనే పేరుతో పైకి పోయే రాయల్టీ.

2006 జనవరిలో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ సంస్థ మీద ఎమ్మార్టీపీ కమిషన్‌కు ఫిర్యాదు చేసింది. ఒక రాష్ట్ర ప్రభుత్వం రైతుల తరఫున ఒక బహుళజాతి కంపెనీ గుత్తాధిపత్యం మీద నిలబడింది. చైనాలో తక్కువకు ఇస్తున్నదాన్ని మా రైతుకు ఇంత ధరకు ఎందుకు అమ్ముతున్నారని అడిగింది. మే నెలలో కమిషన్ తాత్కాలిక ఉత్తర్వు ఇచ్చింది: ఫీజు తగ్గించండి, సహేతుకంగా పెట్టండి. ఆ వెంటనే ప్రభుత్వం ప్యాకెట్ ధరను 750 రూపాయలకు కట్టడి చేసింది. కంపెనీ సుప్రీంకోర్టుకు పోయినా స్టే రాలేదు. మన దారిలో ఇతర రాష్ట్రాలూ నడిచాయి.

1,850 నుంచి 750కి. ఎకరానికి రెండు ప్యాకెట్లు వేసే రైతుకు అది ఎంత ఊరటో లెక్క వేసుకోండి. చట్టాలతో ఏమీ కాదు అనే మిత్రులకు నేను ఎప్పుడూ ఈ ఉదాహరణే చెప్తాను.

ఆ ఎమ్మార్టీపీ చట్టం 1969 నాటిది. దాని వేరు రాజ్యాంగంలో ఉంది. 39వ అధికరణం చూడండి: సంపద, ఉత్పత్తి సాధనాలు కొద్దిమంది చేతుల్లో పోగుపడి అందరికీ చేటు కాకుండా ఆర్థిక వ్యవస్థ నడవాలని రాజ్యానికి చెప్తుంది. ఇంకా వెనక్కి వెళ్తే, 1947లో బాబాసాహెబ్ రాసిన 'రాష్ట్రాలు-మైనారిటీలు' ఉంది. కీలక పరిశ్రమలు, వ్యవసాయం రాజ్యం చేతిలో ఉండాలని అందులో ప్రతిపాదించాడు. ప్రభుత్వం తప్పుకుంటే స్వేచ్ఛ వస్తుందని అనుకోవద్దు, ఆ ఖాళీలో యజమాని నియంతృత్వం వస్తుందని హెచ్చరించాడు. ఆకలితో ఉన్నవాడు పని కోసం తన హక్కులను వదులుకొని సంతకం పెడతాడని ఆయనకు తెలుసు. మా అక్క సంతకం అలాంటిదే.

*

రెండో అధ్యాయం అంత గొప్పగా లేదు.

2015 చివర్లో కేంద్రం పత్తి విత్తనాల ధరల నియంత్రణ ఉత్తర్వు తెచ్చింది. 2016 మార్చిలో బోల్‌గార్డ్-2 ప్యాకెట్ ధరను 800 రూపాయలుగా, అందులో ట్రెయిట్ ఫీజును 163 నుంచి 49 రూపాయలకు తగ్గించింది. దానికి నెల ముందే, 2016 ఫిబ్రవరిలో, కాంపిటీషన్ కమిషన్ విచారణకు ఆదేశించింది. వ్యవసాయ మంత్రిత్వ శాఖతో పాటు మన తెలుగు నేల మీది విత్తన కంపెనీలు కూడా కమిషన్ ముందుకు వెళ్లాయి.

కమిషన్ ప్రాథమికంగా ఏం చూసిందో గమనించండి. బీటీ పత్తి సాంకేతికత మార్కెట్‌లో ఆ సంస్థది ఆధిపత్యమే అంది. లైసెన్సు ఒప్పందం రద్దు షరతులు మరీ కఠినంగా ఉన్నాయంది. ఒప్పందం ముగిస్తే ఆ సాంకేతికత ఉన్న విత్తనాన్ని, తల్లి విత్తనాలతో సహా, నాశనం చెయ్యాలి. వేరే సాంకేతికత వాళ్లతో వ్యవహారం పెట్టుకుంటే ముందు వీళ్లకు చెప్పాలి. ఇలాంటి ఒప్పందంలో చిక్కుకున్నవాడు బయటికి ఎలా పోతాడు, పోటీ ఎలా వస్తుంది అనేది ప్రశ్న.

ఆ ప్రశ్నకు జవాబు రాలేదు. కేసు ఏళ్ల తరబడి ఢిల్లీ హైకోర్టులో నలిగింది. 2018లో మోన్‌శాంటోను బేయర్ కొనేసింది. 2021లో కంపెనీల మధ్య రాజీ కుదిరింది. 2023 జూలైలో హైకోర్టు డివిజన్ బెంచ్, పేటెంట్ లైసెన్సుల విషయంలో పేటెంట్ చట్టానిదే పైచేయి, కమిషన్ విచారణ చెల్లదని చెప్పింది. పేటెంట్ చట్టంలోనే ఇలాంటి దుర్వినియోగానికి విరుగుడు ఉందని కోర్టు తర్కం. ఆ విరుగుడు అందుకోవాలంటే లైసెన్సు అడిగే స్తోమత ఉండాలి. రైతుకు ఆ స్తోమత ఎక్కడిది?

ఈలోగా పొలంలో ఏమైంది? గులాబీ రంగు పురుగు బోల్‌గార్డ్-2కు కూడా అలవాటు పడింది. మందుల ఖర్చు మళ్లీ పెరిగింది. దేశంలో పత్తి నేలలో తొంభై శాతానికి పైగా బీటీ అయ్యాక వేరే విత్తనం ఎక్కడ దొరుకుతుంది? హైబ్రిడ్ గనక గింజ దాచుకొని వేసుకోలేం, ఏటా కొనాల్సిందే. పోటీ చచ్చిన చోట పురుగు మాత్రం బతికి బట్టకట్టింది.

*

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను.

పై కథలో విత్తన కంపెనీలు ఏమని ఫిర్యాదు చేశాయి? షరతులు ఏకపక్షం, బయటికి పోయే దారి లేదు, ధర వాళ్లే నిర్ణయిస్తారు అని. అన్నీ నిజమే కావచ్చు. కానీ ఆ మూడు వాక్యాలూ మా అక్క కూడా అనగలదు. విత్తనం వాళ్లదే, అప్పు వాళ్లదే, పరీక్ష వాళ్లదే, తీర్పు వాళ్లదే. పైమెట్టు మీద ఉన్నవాడు చేసింది దుర్వినియోగం అయితే, అదే పనిని పరిశ్రమ తన కిందిమెట్టు మీద చేస్తే అది 'ఇక్కడి పద్ధతి' ఎలా అయింది?

బాబాసాహెబ్ దీన్ని నిచ్చెనమెట్ల అసమానత అన్నాడు. ప్రతి మెట్టుకూ తన పైమెట్టు మీద కోపం ఉంటుంది, తన కాలికింద మెట్టు మాత్రం కనపడదు. కులం గురించి చెప్పిన ఈ సూత్రం విత్తన మార్కెట్‌కు అక్షరాలా సరిపోతుంది. సరిపోవడంలో ఆశ్చర్యం లేదు, రెండు నిచ్చెనలూ చాలాచోట్ల ఒకటే. సాంకేతికత విదేశానిది, కంపెనీ హైదరాబాద్‌ది, ఆర్గనైజర్ ఊరి పెద్ద కులం, గుత్తకు పట్టినవాడు బీసీ, దళితుడు. అన్నిటికంటే కింద, చేలో వంగి పువ్వు గీకేది మా ఆడపిల్లలు.

ఆ పని మీకు తెలుసా? సాయంత్రం మొగ్గ ఒలిచి లోపలి మగ భాగాలను గోటితో గీకి తీసెయ్యాలి. మర్నాడు పొద్దున మగ పువ్వు తెచ్చి దాని మీద పుప్పొడి రాయాలి. ఒక్కో పువ్వునూ ఇలాగే, నెలల తరబడి. దాన్నే క్రాసింగ్ అంటారు. చిన్న వేళ్లు బాగా పనికొస్తాయని చిన్నపిల్లలను పెట్టుకునేవారు. చిన్న కూలి కూడా పనికొస్తుందని ఎవరూ పైకి అనేవారు కాదు. 2002లో, దేశంలోకి బీటీ పత్తి వచ్చిన ఏడాది, నాకు పన్నెండేళ్లు. అక్కకు పద్నాలుగు. ఇద్దరం క్రాసింగ్‌కు పోయాం. మరుసటి ఏడు నాకు గురుకులంలో సీటు వచ్చింది. అక్కకు రాలేదు. నా పేరు ముందు డాక్టర్ అని ఉంది. అక్క గోళ్ల కింద నలుపు ఇంకా ఉంది. ఇది నా ప్రతిభ అని ఎవరైనా మెచ్చుకుంటే నాకు సిగ్గేస్తుంది. ఒక్క సీటే ఉంది, అది నాకు దొరికింది. అంతే.

*

"అక్క వేరే ఆర్గనైజర్ దగ్గరికి పోవచ్చు కదా? నడిగడ్డలో బోలెడుమంది ఉన్నారు" అని చదువుకున్న మిత్రుడొకరు అడిగారు. మంచి ప్రశ్న. చట్టం కూడా ముందు ఇదే అడుగుతుంది. దాన్ని 'సంబంధిత మార్కెట్' అంటారు. ధర కాస్త పెరిగితే కొనేవాడు ఇంకో సరుకుకో, ఇంకో చోటికో మారగలడా? మారగలిగితే ఆ చోటు కూడా అదే మార్కెట్. మారలేకపోతే మార్కెట్ అక్కడితో ముగుస్తుంది.

మరి మా అక్క మార్కెట్ ఎంత దూరం ఉంది? బ్యాంకు అప్పు ఇవ్వదు, గుత్త భూమికి కాగితం లేదు. పాత అప్పు తీరందే ఈ ఆర్గనైజర్ వదలడు. పాత బాకీ ఉన్న మనిషిని ఇంకో ఆర్గనైజర్ తీసుకోడు. మ్యాపులో చూస్తే నడిగడ్డ అంతా ఒక మార్కెట్. మా అక్కకు మాత్రం ఒక గుమ్మమే మార్కెట్. కులం, అప్పు కలిసి గీసిన ఈ సరిహద్దు ఆర్థికశాస్త్రం పుస్తకాల్లో లేదు. లేకపోతే అది లేనట్టేనా?

ఇది నేను కొత్తగా కనిపెట్టిన వాదన కాదు. 2011లో కమిషన్ డీఎల్ఎఫ్ మీద 630 కోట్ల రూపాయల జరిమానా వేసింది. గుర్‌గావ్‌లో ఖరీదైన ఫ్లాట్లు కొన్నవాళ్లు ఏకపక్ష ఒప్పందాల మీద ఫిర్యాదు చేశారు. 19 అంతస్తులని చెప్పి 29 కట్టారు. డబ్బు కట్టాక బయటికి పోవాలంటే నష్టం కొనుగోలుదారుదే. కమిషన్ ఏం చేసింది? మార్కెట్‌ను దేశమంతా అనలేదు. గుర్‌గావ్‌లో ఖరీదైన నివాసాలు, అదే మార్కెట్ అంది. ఒకసారి డబ్బు కట్టినవాడు ఇరుక్కుపోతాడని గుర్తించింది.

ఫ్లాటుకు డబ్బు కట్టినవాడు ఇరుక్కుంటే, చేలో విత్తనం వేసినవాడు ఇరుక్కోడా? గుర్‌గావ్ ఒక మార్కెట్ అయితే నడిగడ్డ ఎందుకు కాకూడదు? తేడా ఒక్కటే. ఫ్లాట్లవాళ్లకు సంఘం ఉంది, వకీలు ఉన్నాడు, చేతిలో అగ్రిమెంట్ కాపీ ఉంది.

చిక్కు కూడా చెప్పాలి, దాచకూడదు. సెక్షన్ 4 ఒక సంస్థ, లేదా ఒకే గ్రూపు ఆధిపత్యాన్నే చూస్తుంది. పది కంపెనీలు విడివిడిగా ఒకేలా వ్యవహరిస్తే, ఏ ఒక్కదానిదీ ఆధిపత్యం కాదని తప్పించుకోవచ్చు. కలిసి కుమ్మక్కయ్యారని రుజువు చేస్తే సెక్షన్ 3 కిందికి వస్తుంది. ఆ రుజువు నిలబడి అడిగే రైతుకు దొరకదు, విచారణ అధికారం ఉన్నవాడికే దొరుకుతుంది. అందుకే విచారణ జరగాలి అంటున్నాను.

"ఆర్గనైజర్ లేకపోతే పెట్టుబడి ఎవరిస్తారు?" అని ఊళ్లో మనవాళ్లే అంటారు. నిజమే. బ్యాంకు రాని ఇంటికి ఆయన వచ్చాడు. కంపెనీ విత్తనం వచ్చాక మొదటి ఏళ్లలో దిగుబడి పెరిగిందన్నదీ కాదనలేను. కానీ సాయం చేసినవాడికి అప్పు తిరిగి అడిగే హక్కు వస్తుంది. పరీక్ష ఫలితం దాచే హక్కు రాదు.

దళిత పెట్టుబడిదారీ విధానం గురించి మాట్లాడే మిత్రులు, మార్కెట్ కులం అడగదు అంటారు. సూపర్ మార్కెట్‌లో అడగదు, నిజమే. నచ్చకపోతే పక్క షాపుకు పోయే వీలున్న చోట అడగదు. పక్క షాపుకు పోలేని చోట మార్కెట్ కూడా ఊరిలాగే ఉంటుంది. ఊరెలా ఉంటుందో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు.

*

ఏం చెయ్యాలి?

ఒకటి. కాంపిటీషన్ చట్టం సెక్షన్ 19 ప్రకారం రాష్ట్ర ప్రభుత్వం కమిషన్‌కు నేరుగా నివేదించవచ్చు. 2006లో మన ప్రభుత్వం పైమెట్టు మీద పోరాడింది. ఇప్పుడు తెలంగాణ ప్రభుత్వం కిందిమెట్టు కోసం ఆ పని చెయ్యాలి. నడిగడ్డ విత్తనోత్పత్తి ఒప్పందాల మీద విచారణ కోరాలి.

రెండు. ప్రతి సీడు రైతుకూ తెలుగులో ఒప్పందం, నకలు చేతిలో. సాగు చేసేవాళ్ల పేరుతో, పట్టాదారు పేరుతో కాదు.

మూడు. జీవోటీ కోసం శాంపిల్ తీసేటప్పుడే మూడు భాగాలు చేసి సీలు వెయ్యాలి. ఒకటి కంపెనీకి, ఒకటి రైతుకు, ఒకటి వ్యవసాయ శాఖకు. ఫేలయిందంటే రైతు ఇంకోచోట పరీక్ష చేయించుకోగలగాలి. తాను రాసిన పరీక్షను తానే దిద్దుకోవడానికి ఏ విద్యార్థినీ మనం ఒప్పుకోం. కంపెనీని ఎందుకు ఒప్పుకుంటున్నాం?

నాలుగు. సంఘం. కమిషన్‌కు ఎవరైనా ఫిర్యాదు చెయ్యొచ్చు, కానీ ఒక్క మనిషి చేస్తే మరుసటి ఏడు ఆ మనిషికి విత్తనం దొరకదు. వందమంది చేస్తే అందరినీ ఆపలేరు. లా చదువుతున్న మన పిల్లలు, ఢిల్లీలో ప్రాక్టీస్ చేస్తున్న మన వకీళ్లు, ఇది మీకోసమే రాస్తున్నాను. అట్రాసిటీ కేసులకు వస్తున్నారు, సంతోషం. ఈ కాగితాల కేసులకు కూడా రండి.

మొన్న బస్సెక్కేముందు అక్క అడిగింది: "చెల్లే, ఇంత చదివినవు గదా, ఆ కాగితంల ఏం రాసుందో ఒక్కసారి నాకు సదివి చెప్పరాదూ?"

డబ్బులు అడగలేదు. పేచీ పెట్టమని అడగలేదు. తాను దేనికి ఒప్పుకుందో తెలుసుకోవాలనుకుంది. వ్యవసాయాధికారికి, కలెక్టర్‌కు దరఖాస్తులు పెట్టాం. రసీదులు తీసుకున్నాం. ఈసారి నకళ్లు మా దగ్గర ఉన్నాయి.

నడిగడ్డలో సీడు పత్తి వేసి జీవోటీ ఫేలయినవాళ్లు, అగ్రిమెంట్ నకలు ఇవ్వనివాళ్లు ఇక్కడ కామెంట్లలో పేర్లు రాయొద్దు. ఆర్గనైజర్లు కూడా ఈ పోస్టులు చదువుతారు. ఇన్‌బాక్స్‌లో రాయండి. వచ్చే భాగంలో మెస్ చార్జీలు, తప్పకుండా.

జై భీమ్.